అమ్మణి అత్త విన్న విమానం

పొద్దున ఆరింటికి రారవాయి చక్కెర మిల్లు సైరన్ కూసేసరికి అమ్మణి ఇంటి వరండాలో నలుగురైదుగురు కూచుని ఉండేవాళ్ళు. ఒకరి ఒళ్ళో బిందె, ఒకరి కాళ్ళ దగ్గర చెరుకు కత్తి, ఇంకొకరి పక్కన లారీ నుంచి ఊడదీసిన ఇరుసు. అమ్మణి స్నానం చేసి, దీపం పెట్టి, టీ తాగి అప్పుడు బయటికొచ్చేది. బిందెను వేలి కణుపుతో ఒకసారి తట్టి చెవి దగ్గర పెట్టుకునేది.

"ఇంకా రెండేళ్ళు ఆగుతానంటోంది. పొయ్యి మీద ఖాళీగా పెట్టకు," అనేది.

ఇరుసు మీద చెవి ఆనించి, "ఇది ఇక నావల్ల కాదంటోంది. ఎడమ పక్క లోపల తెగుతోంది. దీంతో కొండెక్కితే దిగవు," అనేది. లారీ అతను తల గోక్కుని, దాన్ని అక్కడే వదిలేసి, కొత్త ఇరుసు కోసం బా టౌనుకి బయల్దేరేవాడు.

లోహం అమ్మణితో మాట్లాడుతుందన్నది ఆ చుట్టుపక్కల ఎవరికీ వింత కాదు. చెరుకు ఆడే సీజను మొదలయ్యే ముందు మిల్లు ఇంజనీర్లు ఆమెను కారులో తీసుకెళ్ళి రోలర్ల మధ్య తిప్పి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో రాసుకునేవాళ్ళు. చిక్కల్లా భాషతోనే. లోహం తెలుగులో తప్ప మాట్లాడేది కాదు. అది కూడా, అమ్మణి తల్లి వెంకటమ్మ గిర్మిట్ ఒప్పందం మీద చెరుకు కూలీగా ఈ దీవుల్లో ఓడ దిగినప్పుడు వెంట తెచ్చుకున్న పాత తెలుగు. ఇంగ్లాండులో పోత పోసిన రోలరైనా జపాన్ లారీ ఇరుసైనా అంతే. పిల్లలు, మనవలు అందరూ హిందీలోకి జారిపోయిన ఆ ఇంట్లో, "నా తెలుగు నిలబడిందంటే మిల్లు వల్లే," అని అమ్మణి నవ్వేది.

ఆమె తమ్ముడి కొడుకు శశి ఆ వరండాలోనే పెరిగాడు. చిన్నప్పుడు వాడూ బిందెలకు చెవి ఆనించి చూశాడు, ఏమీ వినపడలేదు. వినికిడి రాలేదు గనక చూపు నేర్చుకున్నాడు. న్యూజిలాండు వెళ్ళి విమానాల మెకానిక్కుగా లైసెన్సు తెచ్చుకున్నాడు. నందిలో, దీవుల మధ్య విమానాలు నడిపే ఒక చిన్న కంపెనీ హ్యాంగర్లో పనికి కుదిరాడు. ఆ కంపెనీకి ఉన్నవి రెండే విమానాలు. శశి టార్చి పట్టుకుని వాటి పొట్టల కింద దూరాడంటే మధ్యాహ్నం అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు. "శశి సంతకం పెట్టిన విమానంలో నేను కళ్ళు మూసుకుని కూచుంటాను," అనేవాడు హ్యాంగర్లో అతని పక్కన పనిచేసే సతేంద్ర.

ఆ దీవులకు స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్ళు గడిచాక, ఒక అక్టోబరు మంగళవారం, ఆ రెండు విమానాల్లో ఒకటి ముప్పై ఎనిమిది మందితో తూర్పుకి, టోంగా వైపు బయల్దేరింది. గంటన్నర తరవాత కెప్టెన్ రేడియోలో, "ఆకాశం నిర్మలంగా ఉంది, అంతా బాగుంది," అన్నాడు. ఆ తరవాత ఇంకేమీ అనలేదు. వారం రోజులు పడవలు వెతికాయి. కొన్ని సీటు దిళ్ళు, తేలుతున్న ఒక బుట్టెడు దలో చేమదుంపలు దొరికాయి.

ఇక దేశమంతా ఊహలే. గ్రోగ్ అనే వేరు కషాయం కలిపే తానోవా గిన్నె చుట్టూ చాప పరిచి కూచున్న ప్రతి గుంపూ, కొబ్బరి చిప్ప చేతులు మారేలోగా ఒక కారణం తేల్చేది. మెరుపు పడిందని ఒకరు, ఆకాశం నిర్మలంగా ఉంటే మెరుపెక్కడిదని ఇంకొకరు. పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నారు. అందులో టోంగాలో పెళ్ళికి పోయేవాళ్ళున్నారు, వాళ్ళు చాపలూ దుంపలూ ఎక్కువ ఎక్కించారన్నారు. ఎవరో బాంబు పెట్టారన్నారు. పైలట్లిద్దరూ ముందురోజు పొద్దుపోయేదాకా గ్రోగ్ తాగి సీట్లలోనే నిద్రపోయారని లౌతోకా మార్కెట్లో వంకాయలమ్మే మనిషి తన కళ్ళతో చూసినట్టే చెప్పింది. కెప్టెన్ భార్య ఆ మాట విని మార్కెట్టుకి వెళ్ళడం మానేసింది. రెండో వారానికి ఊహలన్నీ ఒకే చోటికి చేరాయి. మెకానిక్కు ఏదో చూసుకోలేదు.

శశి పేరు పేపర్లో రాలేదు. రానక్కర్లేదు, అందరికీ తెలుసు. విచారణ తేలేదాకా కంపెనీ అతని లైసెన్సు తీసి పక్కన పెట్టింది. పక్కింటి రాజ్‌కుమారి రోజూ గోడ మీదుగా పలకరించేది, ఇప్పుడు బట్టలారేసి గబగబా లోపలికి వెళ్ళిపోతోంది. భార్య శోభన పనిచేసే బళ్ళో పిల్లలు తమలో తాము ఏదో గుసగుసలాడుకుని, ఆమె వెనక్కి తిరగ్గానే ఆగిపోతున్నారు.

జనం ఏమనుకుంటున్నారన్నది శశిని అంతగా బాధపెట్టలేదు. తనకే తెలియకపోవడం బాధపెట్టింది. ముందురోజు మధ్యాహ్నం ఆ విమానాన్ని పరీక్షించింది తనే. హ్యాంగర్ రేకుల మీద వాన ధారగా కొడుతోంది. చూడాల్సినవి పదకొండు. మొదటి ఎనిమిదీ చూసినట్టు చేతులకు గుర్తుంది. పదోది, పదకొండోది గుర్తున్నాయి. తొమ్మిదోది తోక. నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాడా, లేక వాన హోరులో ఎవరో పిలిస్తే పలికి, చూశాననుకుని సంతకం పెట్టేశాడా? ఎంత తలుచుకున్నా అక్కడ వాన చప్పుడు తప్ప మరేమీ లేదు.

"అత్తని అడగొచ్చుగా," అంది శోభన ఒకరోజు. "లావ్ దీవుల్లో తోక ముక్క దొరికిందట. నందికి తెస్తున్నారట."

శశి పెరట్లోకి వెళ్ళి గడ్డి కోసే మిషను విప్పసాగాడు.

ఆదివారం నాడు అమ్మణే వచ్చింది. బా బస్సు దిగి, మామిడికాయల బుట్ట నెత్తిన పెట్టుకుని, అరవై ఆరేళ్ళ మనిషి ఎండలో నడిచొచ్చింది. శశి పెరట్లో గడ్డి కోసే మిషను మూడోసారి విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. అమ్మణి బుట్ట దించి, మిషను మీద వేలితో తట్టింది.

"నాకేం రోగం లేదంటోంది. వదిలెయ్యమంటోంది."

శశి స్పానర్ కింద పెట్టాడు. అతనికి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లో సగమే తిరుగుతుంది.

"నన్నెందుకు పిలవలేదురా?" అంది అమ్మణి.

"నువ్వు అబద్ధం చెప్పవ్ గదా అత్తా. అందుకే పిలవలేదు."

"మామ సంగతి తలుచుకున్నావా?"

శశి తలూపాడు. ఆ సంగతి రారవాయిలో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట మిల్లులో చెరుకు లాగే గొలుసు తెగి ఒక మనిషి రెండు వేళ్ళు పోయాయి. మేనేజరు అమ్మణికి కబురు పెట్టాడు. ఆమె తెగిన కొక్కీ చెవి దగ్గర పెట్టుకుని, అందరి ముందూ, "మూడు రోజులుగా నూనె పడలేదంటోంది," అని చెప్పింది. గొలుసుకి నూనె వెయ్యాల్సింది ఆమె భర్త రామ్. ఒక సీజనంతా అతన్ని పనిలోకి రానివ్వలేదు. ఆ సీజనంతా అతను భార్యతో మాట్లాడలేదు. తిరిగి పనిలోకి వెళ్ళాక, ఆయన బతికున్న పదిహేనేళ్ళలో మిల్లులో ఇంకో గొలుసు తెగలేదు.

"మామ కోపం పోయింది," అంది అమ్మణి. "నేనబద్ధమాడితే ఇంకొకడి చెయ్యి పోయుండేది. అది తిరిగి రాదు గదా."

"ఇది ముప్పై ఎనిమిది మంది, అత్తా."

"అవును." అమ్మణి మిషను పక్కనే నేల మీద కూచుంది. "నీ తప్పని తేలితే నీ పక్కన కూచుంటాను. కాదని తేలినా కూచుంటాను. ఏదీ తేలకుండా నువ్వు బతకలేవురా. గడ్డి మిషను కూడా బతకదు."

శోభన వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

విచారణకి బయటి దేశం నుంచి హాల్డెన్ అనే పెద్ద ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. అమ్మణి గురించి రారవాయి ఇంజనీర్లు ఒక ఉత్తరం రాసిస్తే చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆవిడ కూచోడానికి ఎత్తు కుర్చీ కావాలా, పొట్టి కుర్చీయా?" అని మాత్రం అడిగాడు.

అమ్మణి, శశి హ్యాంగరుకి వెళ్ళేసరికి తోక ముక్క అప్పుడే వచ్చింది. అది తన ఊరి పగడపు దిబ్బ మీద దొరికిందని, ఇసికేలి అనే పెద్దాయన లావ్ నుంచి పడవలో సువాకి, అక్కణ్ణుంచి లారీలో నందికి, దాని పక్కనే కూచుని వచ్చాడు. ఊరి ఆడవాళ్ళు పెళ్ళికి నేసుకున్న కొత్త చాపలో దాన్ని చుట్టారు. ఆయన తల వంచి తన భాషలో దానికి నాలుగు మర్యాద మాటలు చెప్పేదాకా చాప విప్పనివ్వలేదు.

"దీంతో వచ్చినవాళ్ళు మా ఊరి అతిథులు," అన్నాడాయన ఇంగ్లీషులో. "మేము చూడకముందే వెళ్ళిపోయారు. అంతే."

అమ్మణి ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. కుర్చీలో కూచుని ముక్కను తట్టి చెవి ఆనించింది. హ్యాంగర్లో అందరూ పనులాపేశారు. కాసేపయ్యాక తలెత్తి, "ఉప్పు పట్టింది. నోట్లో ఉప్పుంటే ఎవరు మాట్లాడతారు, మంచినీళ్ళు తెండి," అంది హిందీలో. సతేంద్ర బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. చీర కొంగు తడిపి, పసిపిల్లకు ముఖం కడిగినట్టు ఆమె ఆ ముక్కంతా తుడిచింది.

అప్పుడొక చిక్కు వచ్చిపడింది. పొడుగు మాటను వింటూ హిందీలోకి మారిస్తే చెదిరిపోతుందని అమ్మణి తెలుగులోనే చెప్తుంది, దాన్ని ఇంగ్లీషులో చెప్పేదెవరు? హ్యాంగరు మొత్తం మీద తెలుగు తెలిసినవాడు శశి ఒక్కడే. హాల్డెన్ అతని వైపు చూశాడు.

"ఇది నీకు వ్యతిరేకంగా రావచ్చు," అన్నాడు.

"తెలుసు సార్."

"ఉన్నదున్నట్టు చెప్తావా?"

శశి అత్త వైపు చూశాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అతను ఏం మార్చి చెప్పినా ఆమెకు తెలియదు, ఇంకెవరికీ తెలియదు. "చెప్తాను సార్," అన్నాడు. హాల్డెన్ పెన్సిలు తీశాడు.

అమ్మణి కళ్ళు మూసుకుంది.

"నేను పుట్టిన రోజే నాకొక బెజ్జం తప్పు పడింది, అంటోంది. పక్కనే ఇంకోటి వేశారు. రెండిటి మీదా రేకు కప్పి రంగేశారు."

శశి చెప్పాడు. హాల్డెన్ రాసుకున్నాడు.

"రెండు బెజ్జాల మధ్య నెర్రె పుట్టింది, అంటోంది." అమ్మణి ఆగింది. ఆ మాట ఆమె విని చాలా ఏళ్ళయింది. "వాన పడక మా అమ్మ చెరుకు తోట నేల పగిలేది చూడు, అది నెర్రె. నేల తాకిన ప్రతిసారీ గోరంతలో గోరంత పెరిగింది, అంటోంది. పదకొండేళ్ళు పెరిగిందట."

శశి అదీ చెప్పాడు. అత్త ముఖంలో ఏదో మారింది. ఆమె ముక్కకు ఇంకా దగ్గరగా వంగింది.

"ముందురోజు మధ్యాహ్నం వాన పడుతోంది, అంటోంది. నా దగ్గరికి ఎవరి చెయ్యీ..."

ఆమె మాట మధ్యలో ఆపి విన్నది. రన్‌వే మీద నుంచి ఏదో ఇంజను చప్పుడు వచ్చి పోయింది. ఆ మాట ఎటు పోతుందో శశికి తెలియదు. ఎవరి చెయ్యీ రాలేదంటే అంతటితో అయిపోయినట్టే. చెప్పకుండా ఆగి, మొత్తం విన్నాకే చెప్పొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"ముందురోజు మధ్యాహ్నం వాన పడుతోందట," అన్నాడు ఇంగ్లీషులో. "తన దగ్గరికి ఎవరి చెయ్యి అయినా అని ఏదో అంటోంది, ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజు తోక చూడాల్సిన చెయ్యి నాది సార్. అది కూడా రాసుకోండి."

హాల్డెన్ పెన్సిలు ఒక క్షణం ఆగి, రాసింది.

"ఎవరి చెయ్యీ అంత నెమ్మదిగా రాలేదు, అంటోంది," అంది అమ్మణి. "నిచ్చెనెక్కి వచ్చింది. వెలుగు వేసి చూసింది. రేకు చుట్టూ వేళ్ళతో తడిమింది. నెర్రె రేకు కింద ఉంది, ఎలా కనపడుతుంది, అంటోంది. ఆ చెయ్యిని ఏమీ అనొద్దంటోంది."

శశి ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి అత్త తెలుగు మాటల్నే తిరిగి అనేశాడు. హాల్డెన్ తొందరపెట్టలేదు. ఇసికేలి లేచొచ్చి, తెలుగు అర్థం కాకపోయినా, శశి భుజం మీద చెయ్యి వేశాడు. రెండో ప్రయత్నంలో శశి చెప్పగలిగాడు.

"ఆ రోజు ఏమైందో అడగండి," అన్నాడు హాల్డెన్.

అమ్మణి అడిగి విన్నది. "ఆకాశం నిర్మలంగా ఉండగానే నెర్రె అటు నుంచి ఇటు దాకా తెగిపోయిందట. నిద్రపోలేదు, అంటోంది, రెండు జతల చేతులు. తీగల వెంట నాకు తెలుస్తూనే ఉంది. ఆఖరిదాకా లాగుతూనే ఉన్నారు. నేనే రాలేకపోయాను, అంటోంది."

సతేంద్ర ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కెప్టెన్ భార్య అతనికి దూరపు చుట్టం. ఆ సాయంత్రమే ఈ మాట ఆమెకు చెప్పాలనుకున్నాడు.

ఇక అయిపోయిందనుకుని హాల్డెన్ పుస్తకం మూస్తుంటే, అమ్మణి చెయ్యెత్తి ఆగమంది.

"చెల్లెలుందంటోంది."

"చెల్లెలా?" అన్నాడు శశి.

"ఆ వారంలోనే పుట్టిందట. అదే మనిషి బెజ్జం వేశాడట. అదే తప్పు. చెల్లెలి మీద కూడా రేకు కప్పారు, దానికి చెప్పండి, అంటోంది. దానికెలా చెప్తాం, ఎక్కడుందది?"

శశి ఆ మాటను ఇంగ్లీషులోకి మారుస్తూ సగంలో ఆగిపోయాడు. కంపెనీకి మిగిలిన రెండో విమానం హ్యాంగరు తలుపులోంచే కనపడుతోంది. లంబాసా వెళ్ళేవాళ్ళు గొడుగులతో, అట్టపెట్టెలతో మెట్లెక్కుతున్నారు. ఒక ఇంజను అప్పటికే తిరుగుతోంది.

తరవాత ఎవరు ముందు పరిగెత్తారో చెప్పడం కష్టం. శశి అని సతేంద్ర అంటాడు. హాల్డెన్ కూడా వెనకాలే పరిగెత్తాడని, అంత పొడుగు మనిషి పరిగెత్తితే కొంగలా ఉన్నాడని అమ్మణి తరవాత చాలాసార్లు చెప్పింది. శశి విమానం ముక్కు ముందుకెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పైలట్ ఇంజను ఆపేశాడు.

ప్రయాణికులను దింపి, విమానాన్ని హ్యాంగర్లోకి లాక్కొచ్చారు. నిచ్చెన వేశారు. "నాకు లైసెన్సు లేదు సార్," అన్నాడు శశి.

"నువ్వు విప్పు. సంతకం నేను పెడతాను," అన్నాడు హాల్డెన్.

శశి ఒక్కొక్క రివెట్టే డ్రిల్లుతో తీశాడు. అమ్మణి కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది, నలుగురు మగవాళ్ళు వద్దన్నా వదల్లేదు. రేకు ఊడింది. దాని కింద పక్కపక్కనే రెండు బెజ్జాలున్నాయి. మధ్యలో ఏమీ కనపడలేదు. శశి కంటికి కనపడని పగుళ్ళలోకి కూడా దిగే ఎర్ర రంగు ద్రవం పూసి, ఆరాక తుడిచి, తెల్ల పొడి చల్లాడు. తెల్లటి పొడిలో ఎర్రగా ఒక గీత పైకి తేలింది. చూపుడు వేలంత పొడుగుంది.

హాల్డెన్ నిచ్చెనెక్కి దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. దిగాక అమ్మణి ముందు నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, ఇసికేలి చేసినట్టే తల వంచాడు. అలాంటి విమానాలు ఎక్కడెక్కడ ఎగురుతున్నాయో ఆ దేశాలన్నిటికీ తంతి పంపడానికి ఆఫీసులోకి వెళ్ళాడు. అమ్మణి తోక ముక్క దగ్గరికి తిరిగొచ్చి, కుర్చీలో కూచుని, చెల్లెలు బాగానే ఉందని దాని చెవిలో చెప్పింది.

మూడు గంటలుగా ప్రయాణికులు షెడ్డులో ఉక్కపోతకి విసనకర్రలు ఊపుకుంటున్నారు. కంపెనీవాళ్ళు వాళ్ళకి అసలు సంగతి చెప్పలేదు. విమానానికి చిన్న మరమ్మతు ఉంది, రేపు వేరే కంపెనీ విమానంలో పంపుతామని మాత్రం అన్నారు. శశి బయటికి రాగానే లంబాసా పక్కన టాబియాకి వెళ్ళాల్సిన విద్యావతి అనే ఆవిడ అతన్ని పట్టుకుంది. బరువైన మనిషి. చేతిలో తాళ్ళతో కట్టిన లడ్డూల డబ్బా ఉంది.

"మెకానిక్కువి నువ్వేనా?" అంది హిందీలో.

ఐదు వారాలుగా శశిని ఆ మాట ఎవరూ నేరుగా అడగలేదు. "అవునమ్మా, నేనే," అన్నాడు.

"రేపు మా అక్క కూతురి పెళ్ళి. ఈ సాయంత్రం పసుపు. మా అమ్మకి నడుం నొప్పి, నేను లేకపోతే అక్కడ చూసే దిక్కు లేదు. ఒక మరమ్మతు చెయ్యడానికి మీకు ఇంకో రోజు దొరకలేదా?"

"దొరకలేదమ్మా. తప్పే."

"తప్పంటే సరిపోతుందా? మా నాన్న పడవ మీద వెళ్ళమన్నాడు, నేనే వినలేదు. విమానమైతే సుఖం అన్నాను."

"రేపు పొద్దున్నే పంపుతాం. పెళ్ళి వేళకి చేరతారు."

"చేరకపోతే?"

"చేరతారమ్మా."

ఆమె ఇంకా చాలా అంది. కంపెనీని అంది, ప్రభుత్వాన్ని అంది, ఈ కాలపు కుర్రాళ్ళకి పనిమీద ధ్యాస లేదంది. శశి వేళ్ళకింకా ఎర్ర రంగు అంటుకునే ఉంది. అతను లడ్డూల డబ్బా అందుకుని, ఆమె వెనకాలే బస్సు దాకా మోసుకెళ్ళి, ఒళ్ళో జాగ్రత్తగా పెట్టాడు. బస్సెక్కాక కూడా విద్యావతి కిటికీలోంచి తల బయటపెట్టి తిడుతూనే ఉంది. అతను కదలకుండా నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు.